మాటల ముంగిలి: జాతా హూఁ, జాతీ హూఁ



ఈ మాసం మాకందిన ఉత్తరాలలో ఒకటి బ్రూక్షాబాద్ నుండి వచ్చినది. వ్రాసినవారు మన ఉద్యోగి ఒకరి సతీమణి. భర్తకు బదిలీ కాగా శ్రీకాకుళం జిల్లా నుండి దక్షిణ అండమాన్‌కు కాపురం మార్చి రెండేళ్ళయినదట. తెలుగులో నాలుగు పుటలు తడుముకోకుండా వ్రాసిన ఆ సోదరి, హిందీలో నాలుగు మాటలు పలకడానికి జంకుతున్నానని వాపోయారు. పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం నాడు ఆమె, బిడ్డను రోజూ ఇంట్లో తామే చదివిస్తామని చెప్పబోయి "మైఁ రోజ్ పఢాతా హూఁ" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ప్రక్కనున్న కుమార్తె "పఢాతా కాదమ్మా, పఢాతీ అనాలి" అని చెవిలో చెప్పినది. ఎందుకని అడిగితే ఆ పాప చెప్పలేకపోయినది. నాటి నుండి అంగడిలోనైనా, ఆసుపత్రిలోనైనా తొమ్మిదేళ్ళ బిడ్డ ముందు నిలిచి మాట్లాడుతున్నది, తల్లి వెనుక నిలుచుంటున్నది. "నేను పలికినది తప్పని అందరూ చెబుతున్నారు గాని, ఎందుకు తప్పో ఎవరూ చెప్పడం లేదు" అని ఆమె వ్రాశారు.

ప్రశ్న న్యాయమైనది. ఈ సంచికలో మరే విషయమూ ఎత్తుకొనక దీనికే జవాబు చెప్పదలచినాము.

ముందుగా సందర్భం. 1976 నాటి రాజభాషా నియమాల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులు ఉత్తరప్రదేశ్, బీహార్ మొదలైన హిందీ రాష్ట్రాలతో పాటు 'క' ప్రాంతంలో చేరినవి. ఆంధ్రదేశం 'గ' ప్రాంతంలోనిది. అంటే విశాఖపట్టణంలో ఓడ ఎక్కిన ఉద్యోగి పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుండి ఆ నగరం పేరు శ్రీ విజయపురం) దిగేసరికి కార్యాలయ భాష విషయంలో ఒక కొస నుండి మరొక కొసకు చేరుతున్నాడన్నమాట. ఉద్యోగికైతే ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలున్నవి, తరగతులున్నవి. ఇల్లాలికి ఆ ఏర్పాటు లేదు. ఆమెకు పాఠశాల వీధే. వీధిలో వినిపించేది బెంగాలీలు, తమిళులు, తెలుగువారు, మలయాళీలు, రాంచీ ప్రాంతంవారు తమ తమ యాసలు కలిపి పలికే హిందీ. 1858లో ఖైదీల వలస ఏర్పడిన నాటి నుండి, ఒకరి భాష ఒకరికి తెలియనివారంతా హిందుస్తానీలో మాట కలుపుకొంటూ వచ్చిన చోటు అది. 2011 జనాభా లెక్కలలో ఈ దీవుల మొత్తం జనసంఖ్య 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మంది వరకు ఉన్నారు. కనుక ఈ సోదరి ఇబ్బంది ఏ ఒక్కరిదో కాదు.

ఇక క్రియ సంగతి. 'బోల్నా' అనే మాటను తీసుకొందాము. అర్థం మాట్లాడడం. చివరి 'నా' తీసివేస్తే మిగిలేది ధాతువు, 'బోల్'. వర్తమానంలో నిత్యం జరిగే పనిని చెప్పడానికి దీనికి రెండు తోకలు తగిలిస్తారు. మొదటి తోక 'తా', 'తీ', 'తే' అనే మూడింటిలో ఒకటి. రెండవ తోక 'హూఁ', 'హై', 'హో', 'హైఁ' అనే నాలుగింటిలో ఒకటి. (మేము వ్రాసిన అరసున్నను ముక్కుతో పలకవలెను.) పురుషుడు "మైఁ బోల్తా హూఁ" అంటాడు, స్త్రీ "మైఁ బోల్తీ హూఁ" అంటుంది. చిన్నవారిని, చనువుగలవారిని 'తుమ్' అంటే "బోల్తే హో", ఆడపిల్లనైతే "బోల్తీ హో". పెద్దలను 'ఆప్' అంటే "బోల్తే హైఁ", స్త్రీనైతే "బోల్తీ హైఁ". అతడు "బోల్తా హై", ఆమె "బోల్తీ హై". వారు "బోల్తే హైఁ", అందరూ స్త్రీలే అయితే "బోల్తీ హైఁ". 'హమ్' అంటే మేమూ మనమూ రెండూ. దానికి "బోల్తే హైఁ". 'తూ' అనే పిలుపు ఒకటున్నది, దానికి "బోల్తా హై, బోల్తీ హై" అని వస్తుంది. అయితే అది భగవంతుని దగ్గర, మరీ దగ్గరి స్నేహితుల దగ్గర చెల్లే మాట. క్రొత్తగా నేర్చేవారు అంగడిలో దాని జోలికి పోకుండా ఉండడమే క్షేమం.

రెండు తోకలు దేనికి అన్నదే కీలకం. రెండవ తోక మాట్లాడేది ఎవరో చెబుతుంది: నేనా, నీవా, అతడా, వారా. మొదటి తోక ఆ వ్యక్తి ఆడా మగా, ఒకరా పలువురా అన్నది చెబుతుంది. మన తెలుగులో ఈ పనులన్నీ ఒకే తోక చేస్తుంది. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు. 'నేను' అనే మాట పలకకపోయినా 'వెళ్తాను' అన్నంత మాత్రాన వెళ్ళేది ఎవరో తెలిసిపోతుంది. ఐతే 'వెళ్తాను' అన్నది తండ్రా తల్లా అన్నది ఆ మాట చెప్పదు. తెలుగు క్రియ వర్తమానంలో ఆడా మగా భేదాన్ని మూడవ వ్యక్తి దగ్గరే పాటిస్తుంది. తన గురించి తాను చెప్పుకొనేటప్పుడు పాటించదు. హిందీ అన్నిచోట్లా పాటిస్తుంది. సమావేశంలో నవ్వు పుట్టించినది ఈ తేడాయే తప్ప ఆ సోదరి తెలివిలో లోపం కాదు.

ఇక్కడితో ఆగితే మేము చెప్పినది పాఠ్యపుస్తకంలోనూ దొరుకుతుంది. కాని హిందీకి ఈ లింగభేదం ఎక్కడి నుండి వచ్చినదో తెలిస్తే, మన తెలుగులోనే దానికి తాళంచెవి ఉన్నదని తెలుస్తుంది.

సంస్కృతంలో 'గచ్ఛామి' అన్న క్రియకు లింగం లేదు. ఎవరైనా గచ్ఛామి అనవచ్చు. ఐతే 'వెళ్తున్నవాడు' అనే అర్థంలో 'గచ్ఛన్' అని, 'వెళ్తున్నది' అనే అర్థంలో 'గచ్ఛంతీ' అని మరొక రకపు రూపాలుండేవి. ఇవి విశేషణాల వంటివి. విశేషణాలకు లింగముంటుంది. కాలక్రమాన హిందీలో ఈ వర్తమానార్థానికి గచ్ఛామి తరహా రూపం వెనుకబడి, రెండవ తరహా రూపమే క్రియ స్థానంలో కూర్చున్నది. 'జాతా', 'జాతీ' అన్నవి ఆ తీరుగా ఏర్పడిన మాటలే. కాబట్టి "మైఁ జాతా హూఁ" అంటే అక్షరాలా "నేను వెళ్ళేవాడినై ఉన్నాను" అని. "మైఁ జాతీ హూఁ" అంటే "నేను వెళ్ళేదాన్నై ఉన్నాను" అని.

ఈ మాటలు చూడగానే పాఠకులకు ఏదో స్ఫురించి ఉండాలి. మనం చిన్ననాటి సంగతులు చెప్పుకొనేటప్పుడు ఎలా అంటాము? మగవారు "రోజూ ఏటికి వెళ్ళేవాడిని" అంటారు. ఆడవారు "రోజూ ఏటికి వెళ్ళేదాన్ని" అంటారు. ఏ తెలుగు స్త్రీ అయినా "వెళ్ళేవాడిని" అని పొరపాటున కూడా అనదు. ఎవరూ నేర్పకుండానే, ఏ వ్యాకరణమూ చదవకుండానే, తన గురించి తాను చెప్పుకొంటున్నప్పుడు లింగం తప్పకుండా పలుకుతున్నది. హిందీ కోరుతున్నది సరిగ్గా ఇదే. 'వెళ్ళేవాడిని' అన్నచోట 'జాతా', 'వెళ్ళేదాన్ని' అన్నచోట 'జాతీ', 'వెళ్ళేవారు' అన్నచోట 'జాతే'. నిజానికి "వెళ్ళేదాన్ని" అన్న మన మాటకు హిందీలో "జాతీ థీ" అని, "వెళ్ళేవాడిని" అన్నదానికి "జాతా థా" అని అంటారు. కాలం చెప్పే తోకను మార్చి 'హూఁ' చేర్చితే అదే వర్తమానమవుతుంది.

కనుక మా సలహా ఇది. హిందీలో ఒక వాక్యం చెప్పబోయే ముందు మనసులో 'వెళ్తాను' అనుకోవద్దు, 'వెళ్ళేదాన్ని' అనుకోవాలి. 'చదివిస్తాను' అనుకోవద్దు, 'చదివించేదాన్ని' అనుకోవాలి. అప్పుడు 'పఢాతీ' తనంత తానే నోటికి వస్తుంది. వారం పది రోజులలో ఆ మధ్య మెట్టు కూడా అవసరం లేకుండా పోతుంది.

ఒక్కచోట మాత్రం ఈ తాళంచెవి తిరగదు. తెలుగులో స్త్రీలు పలువురైతే 'వెళ్ళేవారు' అంటాము, పురుషులతో సమానంగా. హిందీలో స్త్రీలు ఎందరైనా 'తీ' విడిచిపెట్టదు. మన భాషది మరొక విచిత్రం: ఒక్క స్త్రీని 'వస్తుంది' అని బస్సుతోనూ వర్షంతోనూ కలిపివేసి, నలుగురు స్త్రీలు చేరగానే 'వస్తారు' అని మనుషులలో చేర్చుకొంటుంది. దీని న్యాయాన్యాయాల గురించి మరొకసారి ముచ్చటించుకొందాము.

ఇరుగుపొరుగు మాట కూడా చెప్పుకోవాలి. బెంగాలీ పొరుగింటివారి క్రియకు వ్యక్తిభేదమున్నది గాని లింగభేదం బొత్తిగా లేదు. 'బోలే' అంటే అతడైనా ఆమైనా ఒకటే. మలయాళీలకు వ్యక్తిభేదం కూడా లేదు. నేను, నీవు, అతడు, ఆమె, వారు అందరికీ 'పఱయున్ను' ఒకటే. తమిళులు ఆమెకు 'పేశుకిఱాళ్' అని వేరే తోక పెట్టుకొన్నారు, కాని 'నేను' దగ్గర వారికీ లింగం లేదు. కనుక 'జాతా, జాతీ'ల దగ్గర తడబడేది తెలుగువారొక్కరే అనుకోనక్కరలేదు. పైగా వీరందరికన్నా మనకు 'వెళ్ళేదాన్ని' అన్న రూపం చేతికందేంత దగ్గరలో ఉన్నది.

సముద్రాలు దాటి చూస్తే, స్పానిష్ భాషలో మాట్లాడడాన్ని 'అబ్లార్' అంటారు. నేను మాట్లాడతాను 'అబ్లో', నీవు 'అబ్లాస్', అతడు లేక ఆమె 'అబ్లా', మేము 'అబ్లామోస్', మీరు 'అబ్లాయిస్', వారు 'అబ్లాన్'. 'ఆర్' తో ముగిసే వేలాది క్రియలు ఈ ఒక్క మూసలోనే పోతపోసినవి. లాటిన్ నుండి వచ్చిన తోకలను ఆ భాష నిలుపుకొన్నది గనుక అందులోనూ తెలుగులో వలెనే 'నేను' అని వేరే చెప్పనక్కరలేదు, తోకలో లింగమూ లేదు. "అబ్లో" అన్నది తల్లి అయినా తండ్రి అయినా ఒకటే. మన సోదరి బదిలీ మీద మాడ్రిడ్ నగరానికి వెళ్ళి ఉంటే ఈ ఒక్క చిక్కు తప్పేది! మర్యాద విషయంలో వారి పద్ధతి వేరు. గౌరవనీయుని 'ఉస్తేద్' అని పిలిచి, 'అతడు' కు వాడే 'అబ్లా' నే వాడతారు. మనమూ హిందీవారూ గౌరవానికి బహువచనాన్ని ఆశ్రయిస్తాము.

ఆ బహువచనం దగ్గర జాగ్రత్త అవసరం. నాన్నగారు వస్తారు అనడానికి "పితాజీ ఆతే హైఁ". తా కాస్తా తే అయినది కనుక మర్యాద చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. అమ్మగారు వస్తారు అనడానికి "మాతాజీ ఆతీ హైఁ". ఇక్కడ 'ఆతీ' మారదు. మర్యాదంతా చివరి 'హైఁ' లోని ఆ ముక్కు పలుకులోనే ఉన్నది. మాటలో అది ఎవరూ గమనించకపోవచ్చు గాని, వ్రాతలో చుక్క పెట్టకపోతే అమ్మగారిని ఏకవచనంలో పిలిచినట్లవుతుంది. కార్యాలయంలో స్త్రీ అధికారిని గురించి నోటు వ్రాసేవారు ఈ చుక్కను మరువరాదు.

వ్రాత మాట వచ్చినది కనుక మరొక సంగతి. దరఖాస్తులకు నమూనా కాగితం ఒకటి చేతులు మారుతుండడం మనకందరకూ తెలిసినదే. ఎప్పుడో ఎవరో పురుష ఉద్యోగి వ్రాసిన "మైఁ నివేదన్ కర్తా హూఁ" అన్న వాక్యాన్నే స్త్రీలూ చూచి వ్రాసి సంతకం చేస్తున్నారు. సెలవు మంజూరు కాకపోదు గాని, క్రింద స్త్రీ పేరు, పైన పురుషుని క్రియ ఉండడం బాగుండదు. 'కర్తీ హూఁ' అని దిద్దుకోవాలి.

మనుషుల సంగతి ఇంతే. అసలు కష్టం వస్తువులది. తెలుగులో బస్సు వస్తుంది, ఓడ వస్తుంది, వర్షం వస్తుంది, నీరు వస్తుంది. అన్నింటికీ ఒకటే తోక. హిందీలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరాలి. "జహాజ్ ఆతా హై", కాని "నావ్ ఆతీ హై". బస్సు స్త్రీలింగం కనుక "బస్ అబర్డీన్ బజార్ జాతీ హై". తోటలో "నారియల్ గిర్తా హై", ప్రక్క చెట్టు క్రింద "సుపారీ గిర్తీ హై". కొబ్బరికాయ మగది, పోకచెక్క ఆడది. గాలి "చల్తీ హై", తుఫాను "ఆతా హై". కొళాయిలో "పానీ ఆతా హై", తీగలో "బిజ్లీ ఆతీ హై". అంగడిలో బియ్యం, నూనె, ఉప్పు పుంలింగాలు. పప్పు, పంచదార స్త్రీలింగాలు. జీతానికి 'తన్‌ఖ్వాహ్' అన్న మాట వాడితే అది కూడా స్త్రీలింగమే: "తన్‌ఖ్వాహ్ మిల్తీ హై".

'ఈ' తో ముగిసేవి స్త్రీలింగాలనీ, 'ఆ' తో ముగిసేవి పుంలింగాలనీ ఒక సూత్రం చెబుతారు. చాలావరకు నిజమే. కాని నిత్యం నోట్లో నానే 'పానీ', 'ఘీ', 'దహీ' పుంలింగాలు, 'హవా', 'దవా' స్త్రీలింగాలు. అటూ ఇటూ చేరని బస్, జహాజ్, దాల్ వంటి వాటికి సూత్రమే లేదు. అందువల్ల లింగాల పట్టికలు వల్లె వేయడాన్ని మేము ప్రోత్సహించము. వస్తువు పేరును ఒంటరిగా నేర్చుకోవద్దు, ఒక క్రియతో జతచేసి నేర్చుకోవాలి. 'బారిష్' అని కాక 'బారిష్ హోతీ హై' అని, 'పానీ' అని కాక 'పానీ ఆతా హై' అని. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే దీవులలో ఈ రెండు వాక్యాలకు అభ్యాసం కొరవడే అవకాశం లేదు.

భయం తీర్చే మాటలు కొన్ని చెప్పవలసి ఉన్నది. హిందీలో మొండి క్రియలుగా పేరుపడ్డ జానా, కర్నా, దేనా, లేనా భూతకాలంలో గయా, కియా, దియా, లియా అని వేషాలు మారుస్తాయి. వర్తమానంలో మాత్రం జాతా, కర్తా, దేతా, లేతా అని బుద్ధిగా ఒకే వరుసలో నిలుస్తాయి. ఒక్క క్రియ వస్తే అన్నీ వచ్చినట్లే. తెలుగువారిని భూతకాలంలో ఏడిపించే 'నే' ప్రత్యయం ఈ కాలంలో అడుగు పెట్టదు. 'మైఁ' ఎప్పుడూ 'మైఁ' గానే ఉంటుంది.

కాదనడం కూడా సులువే. తెలుగులో వెళ్ళను, వెళ్ళవు, వెళ్ళడు, వెళ్ళదు అని కాదనడానికి వేరే తోకల వరుస ఉన్నది. హిందీలో క్రియకు ముందు 'నహీఁ' చేర్చితే చాలు: "మైఁ నహీఁ జాతీ". అప్పుడు చివరి 'హూఁ' ను వదలివేయడమే వాడుక.

వచ్చే అనుమానం మరొకటి. తెలుగులో 'వస్తాను' అన్నది రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ రెండింటికీ చెల్లుతుంది. హిందీలో "ఆతీ హూఁ" ప్రధానంగా రోజూ చేసే పనికే. రేపటి పనికి "ఆఊఁగీ" అనాలి. ఈ క్షణాన జరుగుతున్న పనికి "ఆ రహీ హూఁ". ఐతే ఇప్పుడే వస్తాను అనడానికి "అభీ ఆతీ హూఁ" అనవచ్చు. ఎవరింటికైనా వెళ్ళి లేచేటప్పుడు మనం 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అనడం ఆచారం గదా. హిందీవారు ఆ సమయంలో "అచ్ఛా, చల్తీ హూఁ" అంటారు. ముచ్చటైన మాట, తప్పక నేర్వదగినది. ఇక "నేను రానా?" అని అనుమతి అడగడానికి "మైఁ ఆఊఁ?" అంటే చాలు. పాత సంస్కృత క్రియ తోకలు హిందీలో మిగిలిన చోటు అది, కనుక అక్కడ లింగభేదం లేదు. స్త్రీ పురుషులెవరైనా అదే మాట అనవచ్చు.

వీధి హిందీలో తా, తీలను ఎవరు పట్టించుకొంటారు, పని జరిగితే చాలదా అని కొందరు మిత్రులు మాతో వాదించారు. కూరగాయల బేరానికి చాలునేమో. కాని బిడ్డ చదువు గురించి ఉపాధ్యాయునితో, రోగం గురించి వైద్యునితో మాట్లాడవలసిన తల్లి తన మాట తానే చెప్పుకోగలగాలి. కడుపులో నొప్పి సంగతి తొమ్మిదేళ్ళ పాప నోట చెప్పించడం తల్లికీ మంచిది కాదు, పాపకూ మంచిది కాదు. ఆ పాప మీద మాకొక పని ఉన్నది. తల్లిని దిద్దడం మాని, సాయంకాలం పది నిమిషాలు తల్లి చేత 'వెళ్ళేదాన్ని, చేసేదాన్ని, చదివించేదాన్ని' అని తెలుగులో చెప్పించి, తాను వాటికి హిందీ పలకాలి. అందువల్ల పాపకు తెలుగూ నిలుస్తుంది.

ఈ మాసపు అభ్యాసానికి అయిదు వాక్యాలిస్తున్నాము. స్త్రీలు, పురుషులు ఎవరి రూపం వారు వ్రాసుకొనవలెను. నేను ఉదయం అయిదు గంటలకు లేస్తాను. నేను బస్సులో వెళ్తాను. మా అమ్మగారు తెలుగు మాట్లాడతారు. నేను చేపలు తినను. మా ఇంటికి నీరు రోజూ వస్తుంది, విద్యుత్తు అప్పుడప్పుడు పోతుంది. చివరి వాక్యంలో రెండు తోకలు వేరువేరని గమనించవలెను.

వచ్చే సంచికలో భూతకాలమూ, అందులోని 'నే' సంగతీ.